చెక్కు మారని వీరుడు

1963 మార్చి తేదీతో వెలువడిన 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' తొలి సంచికలో ఒక చిన్న సన్నివేశం ఉంది. పెదనాన్న చనిపోయాడు, ఇంటద్దె బాకీ పడింది. పీటర్ పార్కర్ ముసుగు వేసుకుని ప్రదర్శన ఇచ్చి, స్పైడర్‌మ్యాన్ పేరిట రాసిన చెక్కుతో బ్యాంకుకు వెళతాడు. గుమస్తా గుర్తింపు కాగితం అడుగుతాడు. ఒంటిమీది వేషం చూపిస్తే, అలాంటిది ఎవరైనా వేసుకోవచ్చని తిప్పి పంపుతాడు. గోడలు పాకే మనిషి కౌంటరు దగ్గర ఓడిపోయాడు.

సూపర్‌హీరో కామిక్స్ మనుషుల కథలుగా మారింది 1986లోనని, చీకటి కమ్ముకోవడం వల్లే అవి మనకు దగ్గరయ్యాయని చాలామంది అంటారు. నాకు ఆ లెక్క తప్పనిపిస్తుంది. నేరం ఎప్పుడూ ఓడిపోవాలని శాసించిన 1954 నాటి కామిక్స్ కోడ్ (ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి, పాటించిన సంచికలకే దాని ఆమోదముద్ర) పూర్తిగా అమల్లో ఉండగానే రచయిత స్టాన్ లీ, చిత్రకారుడు స్టీవ్ డిట్కో ఈ బ్యాంకు సన్నివేశాన్ని సృష్టించారు. అందులో నెత్తురు లేదు, ఉన్నదల్లా అద్దె బాకీ. 1971లో అమెరికా ఆరోగ్య శాఖ కోరిక మీదనే లీ మాదకద్రవ్యాల కథ రాస్తే కోడ్ ముద్ర దక్కలేదు. ముద్ర లేకుండానే మూడు సంచికలు అచ్చయ్యాయి, అదే ఏడాది నిబంధనలు సడలాయి.

1973లో 121వ సంచిక వచ్చింది. వంతెన మీంచి పడుతున్న ప్రియురాలు గ్వెన్ స్టేసీ కాలికి సాలెదారం తగిలించి ఆపిన స్పైడర్‌మ్యాన్, తన నేర్పుకు తానే మురిసిపోతూ ఆమెను పైకి లాగుతాడు. ఆమె మెడ పక్కన మాత్రం 'స్నాప్' అని చిన్న అక్షరాలున్నాయి. కాపాడిన చేతులే చంపాయేమోనన్న ఆ సందేహం, తర్వాత వచ్చిన వందల శవాలకంటే బరువైనది.

1986లో ఫ్రాంక్ మిల్లర్ ముసలి బ్యాట్‌మ్యాన్‌ను, అలన్ మూర్, డేవ్ గిబ్బన్స్ 'వాచ్‌మెన్' కామిక్‌ను తెచ్చారు. ముసుగు తగిలించుకుని న్యాయం చేస్తానన్నవాడికి ఆ హక్కు ఎవరిచ్చారన్నది మూర్ ప్రశ్న. అనుకరించినవారు ప్రశ్నను వదిలేసి క్రౌర్యాన్ని పట్టుకున్నారు. అప్పటికే అమ్మకాలు పత్రికల దుకాణాల నుంచి ప్రత్యేక కామిక్స్ దుకాణాలకు మళ్లుతున్నాయి. అక్కడికి వచ్చే పాఠకుడు వయసులో పెద్దవాడు, సరుకూ అతని అభిరుచికి తగ్గట్టే తయారైంది. 1988లో బ్యాట్‌మ్యాన్ కుర్ర సహచరుడు, రెండో రాబిన్ జేసన్ టాడ్ బతకాలా చావాలా అన్నది టెలిఫోన్ ఓట్లకు వదిలేశారు. చావాలన్నవి 5,343, బతకాలన్నవి 5,271. కేవలం 72 ఓట్ల తేడాతో ఒక కుర్రాడి కథ ముగిసింది. (తర్వాత బతికించారనుకోండి, ఈ వ్యాపారంలో చావూ తాత్కాలికమే.) దీన్ని పరిణతి అనడానికి నాకు మనసొప్పదు.

పార్కర్‌కు అసలు వారసురాలు 2014లో సొంత పత్రికతో వచ్చిన సూపర్‌హీరో కమలా ఖాన్. జెర్సీ సిటీలో పాకిస్తానీ వలస కుటుంబపు అమ్మాయి. పార్టీకి ఇంట్లో అనుమతి దొరకదు, దొంగచాటుగా వెళుతుంది. న్యూజెర్సీలోని తెలుగు ఇళ్లకు ఆ తగవు ఏమంత కొత్తది కాదు. ఆమె కథ మొదలయ్యేది శవం దగ్గర కాదు, దుకాణంలో, పంది మాంసం ముందు. తినదు. వాసన మాత్రం చూస్తానంటుంది.