హైదరాబాద్ వెళ్తే పొద్దుటి పూటను వదులుకోవద్దు

శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఆదివారం రాత్రి తిరుగు బండి పట్టుకునే కుటుంబాలు విశాఖపట్నంలో ఇప్పుడు ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. వాళ్ల ఫోన్లలో తినవలసిన చోట్ల జాబితా ఒకటి ఉంటుంది. అందులో పది పేర్లుంటే ఏడెనిమిది బిర్యానీ హోటళ్లే. ఆ జాబితాను నమ్ముకున్నవాళ్లు హైదరాబాద్‌ను చూసి వస్తున్నారు గాని, రుచి చూసి రావడం లేదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ నగరపు వంటల్లో మన దగ్గరికి రానిది, పార్సిల్ కట్టించుకుని తెచ్చుకోలేనిది ఉదయం ఆరింటికీ పదింటికీ మధ్య దొరుకుతుంది. ఉన్నవే రెండు ఉదయాలు. వాటిని బస చేసిన హోటల్‌లో ఉచితంగా పెట్టే ఇడ్లీ, ఉప్మాలకు ధారపోస్తే ఆ ప్రయాణంలో సగం పోగొట్టుకున్నట్టే.

మా తరానికి హైదరాబాద్ పని మీద వెళ్లే ఊరు. 1974లో వాల్తేరు నుంచి మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ చాలా ఏళ్లు మోసింది సచివాలయంలో ఫైలు కదిలించుకోవలసినవాళ్లనూ, ఇంటర్వ్యూలకూ కోచింగ్‌లకూ వెళ్లేవాళ్లనూ. ఉమ్మడి రాజధాని గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ లెక్కలు, ఆ వివాదాలు పాఠకులకు తెలిసినవే. నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది: అవసరం కొద్దీ వెళ్లిన ఊరికి ఇప్పుడు ఇష్టం కొద్దీ వెళ్తున్నాం. అయినా తినే పద్ధతి మాత్రం మారలేదు. పని ముగించుకుని రాత్రికి ఏదో ఒక పేరున్న చోట బిర్యానీ తిని బండెక్కే ఆ పాత అలవాటే విహారయాత్రలోనూ కొనసాగుతోంది.

బిర్యానీ మీద నాకు కోపం లేదు. మసాలా పట్టించిన పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం పరచి, మూత చుట్టూ పిండి అంటించి, రెండింటినీ ఒకేసారి ఉడికి వచ్చేలా దించే కచ్చీ పద్ధతి గొప్ప విద్య. 1953లో సికింద్రాబాద్‌లో సినిమా హాలును ఆనుకుని చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్, బషీర్‌బాగ్‌లోని కేఫ్ బహార్ ఆ విద్యను దేశమంతటికీ తెలిసేలా చేశాయి. కానీ అది నేర్చుకోగలిగిన విద్య, నేర్చుకున్నారు కూడా. గాజువాక నుంచి మధురవాడ దాకా హైదరాబాద్ దమ్ బిర్యానీ బోర్డు లేని కూడలి ఏది? పొట్లంలో ప్రయాణించగల వంట కోసం ఏడు వందల కిలోమీటర్లు వెళ్లడం దేనికి?

నహారీ అలా ప్రయాణించదు. పగలు అని అర్థమిచ్చే అరబ్బీ మాట 'నహార్' నుంచి వచ్చిన ఈ వంటకు పేరులోనే వేళ ఉంది. మేక కాళ్లు, నాలుక రాత్రంతా సన్నని సెగ మీద ఉడుకుతాయి. ఘాన్సీ బజార్‌లోని షాదాబ్‌కో, నయాపూల్ దగ్గరి నయాబ్‌కో తెల్లవారి వెళ్లి కూర్చుంటే వడ్డించేవాడు అడిగేది ఒకటే ప్రశ్న: పాయానా (కాళ్లా), జబానా (నాలుకా)? గత చలికాలం నాంపల్లిలో దిగి, స్నానం కూడా చేయకుండా, ఆటోలో మూసీ దాటి అలాంటి ఒక బల్ల ముందు కూర్చున్నాను. పెద్ద దేగ్‌లోకి గరిటె దించి, పైన తేలుతున్న ఎర్రని నూనెను ఒక పక్కకు తోసి, అడుగు నుంచి ముక్కలు తీసి, ఆ నూనెను మళ్లీ చివర చెంచాడు పైన పోశారు. నాలుగు మూలలున్న చార్‌కోనీ నాన్ తుంచి ముంచితే, పులుసు వేళ్లకు జిగురుగా అంటుకుంది. నిమ్మచెక్క పిండాక ఆ జిగురు తేలికైంది. నా పక్కన కూర్చున్నవాళ్లలో యాత్రికులు ఎవరూ లేరు. గోనె సంచుల దుమ్ము చొక్కాల మీద ఉన్న హమాలీలు ఇద్దరు, తాళాలగుత్తి బల్ల మీద పెట్టుకున్న దుకాణదారు ఒకరు, అందరూ పది నిమిషాల్లో తిని లేచిపోయేవాళ్లే. మర్నాడు మరోచోటికి తొమ్మిదిన్నరకు వెళ్తే పాయా అయిపోయిందన్నారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆలస్యంగా లేచింది నేనే.

ఖిచిడీ, ఖీమా, ఖట్టా అనే ముగ్గురు తోబుట్టువుల సంగతీ అంతే. ఎర్ర కందిపప్పుతో వండిన పసుపు రంగు ఖిచిడీ మీద పొడి ఖీమా, పక్కన నువ్వులు, చింతపండు కలిపిన పుల్లని చారు. ఇది పాతబస్తీ ఇళ్ల పొద్దుటి భోజనం, మధ్యాహ్నానికి దాని ఊసుండదు. ఇరానీ చాయ్ రోజంతా దొరుకుతుంది గాని, దాని రుచి కూడా తెల్లవారే వేళదే. డికాక్షన్ ఒక పాత్రలో మూతపెట్టి సన్న మంట మీద మరుగుతూ ఉంటుంది, పాలు ఇంకో పాత్రలో చిక్కబడతాయి, రెండూ కలిసేది మన కప్పులోనే. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ ముందు నిలబడి, ఉప్పూ తీపీ కలిసిన ఉస్మానియా బిస్కెట్‌ను అందులో ముంచి తింటూ, 1591 నాటి ఆ కట్టడం మీదికి ఎండ ఎక్కుతుంటే చూడడానికి టికెట్ అక్కరలేదు. మాంసం తినని వాళ్లు గుల్జార్ హౌజ్ దగ్గర దోసె బండ్ల ముందు నిలబడవచ్చు. నాంపల్లిలో దిగినవాళ్లకు సుభాన్ బేకరీ దగ్గరలోనే ఉంది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు పాతబస్తీ ఇరుకు సందులు కష్టమనీ, శుభ్రమైన చల్లని గదిలో కూర్చుని తినే హక్కు తమకు లేదా అనీ అడిగేవాళ్లున్నారు. ఆ కష్టం నిజమే, మోకాళ్ల నొప్పులున్న అమ్మను నేనూ అక్కడికి తీసుకెళ్లాను. కానీ ఆ సందులు ఖాళీగా ఉండేది ఉదయం ఏడింటికే, జాబితాలు చూసి వెళ్లే రాత్రి తొమ్మిదింటికి కాదు. ఇక పొద్దున్నే మాంసమా అని మొహం చిట్లించేవాళ్లు, నిన్నటి చేపల పులుసుతో చద్దన్నం తిని పనికి వెళ్లిన ఉత్తరాంధ్ర ఇళ్లను ఒకసారి గుర్తు చేసుకోవాలి.

నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ వంటలు ఎవరి కోసం పుట్టాయన్న ప్రశ్న. ప్రతి మెనూ కార్డు మీదా నిజాం వంటశాల కథ ఒకటి అచ్చువేస్తారు. నాలుక, కాళ్లు రాజుల ముక్కలు కావు. మంచి మాంసం కొనలేనివాళ్లు కొన్న ముక్కలు, రాత్రంతా ఉడికిస్తే తప్ప మెత్తబడనివి. 18వ శతాబ్దంలో నిజాంల (అసఫ్ జాహీల) కొలువు ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కు మారాక, రాజధాని చుట్టూ చేరిన సిపాయిలకూ బండివాళ్లకూ కూలీలకూ సూర్యోదయానికి ముందే కడుపు నింపవలసిన అవసరం వచ్చింది. ఆ అవసరం తీర్చడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పొయ్యి వెంట తెచ్చారు. ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు చాయ్ హోటళ్లు పెట్టారు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల పేట బార్కస్‌లో ఈనాటికీ మాంసం, అన్నం కలిపి వడ్డించే మండీ పళ్లేల చుట్టూ నలుగురు కూర్చుని తింటారు. దేశ విభజన తర్వాత వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ తెరిచింది. 2010లో హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు, 2019లో ఆహార సృజన నగరంగా యునెస్కో గుర్తింపు వచ్చాయంటే, వాటి వెనక ఉన్నది ఈ వలస వచ్చినవాళ్ల చెమట. ఆంధ్రప్రదేశ్ రాజధాని హోదా పోయినా, గడువులు ముగిసినా ఆ పొయ్యిలు ఆరకపోవడానికి కారణం అవి ఆస్థానాన్ని నమ్ముకోకుండా బజారును నమ్ముకోవడమే.

ఈ మాట విశాఖలో కూర్చుని రాయడానికి నాకు ఇంకో కారణం ఉంది. మన ఊరు రాజధాని అవుతుందా కాదా అన్న వాదనలో ఏళ్లు గడిపాం, మూడు రాజధానుల కోసం తెచ్చిన 2020 చట్టం, దాని వెంట నడిచిన గొడవలు అందరికీ తెలుసు. ఆ ఏళ్లలో ఈ ఊరి పొయ్యిల గురించి ఎవరూ మాట్లాడలేదు. 1933లో నౌకాశ్రయం మొదలైనప్పటి నుంచి ఇక్కడికి చేరినవాళ్లు తక్కువా? కంచరపాలెంలో బర్మా క్యాంప్ పేరే ఒక వలస చరిత్ర. ఫిషింగ్ హార్బర్‌లో చీకటి ఉండగానే పడవలు దించేవాళ్లకూ, పూర్ణా మార్కెట్‌లో కూరగాయల బస్తాలు మోసేవాళ్లకూ వేడిగా ఇంత పెట్టేవి తోపుడు బండ్లే. పర్యాటకం అనగానే మనకు సముద్రం కనబడే అంతస్తులో అద్దాల రెస్టారెంట్ గుర్తొస్తుంది, ఈ బండి గుర్తురాదు. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడే చట్టం 2014లోనే వచ్చింది. దాని ప్రకారం స్థలాలు గుర్తించి, గుర్తింపు కార్డులిచ్చి, కమిటీల్లో వాళ్లకు చోటివ్వాలి. గుల్జార్ హౌజ్ దోసె బండి ముందు ఫొటో దిగి వచ్చినవాళ్లమే, సొంత వీధి చివర బండి ట్రాఫిక్‌కు అడ్డమని ఫిర్యాదు చేస్తున్నాం.

రేపు విశాఖ పర్యాటక పటం కొత్తగా అచ్చయితే అందులో కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం ఎలాగూ ఉంటాయి. వాటి పక్కనే వన్‌టౌన్, కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్, హార్బర్ దారి చూపించి, ఏ పొయ్యి ఏ వేళకు వెలుగుతుందో, ఏ వేళకు గిన్నె అడుగంటుతుందో రాయాలి. హైదరాబాద్ నుంచి వందే భారత్‌లో దిగే కుటుంబం మర్నాడు ఉదయం అయిదింటికి లేచి ఆ బండి వెతుక్కుంటూ వెళ్లేసరికి బండి అక్కడ ఉండాలి.