లీగ్ చప్పబడితే నిబంధనలు బిగించాలా?

ఏటా జులై దాటేసరికి ఫాంటసీ బేస్‌బాల్ (నిజమైన ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, మైదానంలో వాళ్ల ఆటను బట్టి పాయింట్లు పొందే పోటీ) ఆడేవాళ్ల మధ్య ఒక సలహాల చిట్టా చేతులు మారుతుంటుంది. మేనేజర్లు జట్టును పట్టించుకోవడం మానేశారంటే నిబంధనలు మెత్తగా ఉన్నట్టేనని దాని వాదన. ప్రవేశ రుసుము రెట్టింపు చేయండి, ఆఖరి స్థానానికి శిక్ష పెట్టండి, ఆఖరివాడికి వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, తొలి ఎంపిక ఇచ్చి ఆశ చూపండి, అప్పటికీ కదలకపోతే సీజన్ మధ్యలోనే పాయింట్ల పద్ధతి మార్చండి అంటుంది. అమెరికాలో ఆఫీసు లీగుల్లో చేరిన తెలుగువాళ్లూ దీన్ని తలూపుతూ పంచుకుంటున్నారు. ఇందులో చాలావరకు తప్పు.

ముందు అసలు వాదన సంగతి. డ్రీమ్ 11 అలవాటున్నవారికి ఇది ఒక పూటలో తేలిపోయే ఆటలా కనిపించవచ్చు. కానీ ఇక్కడ మార్చిలో ఎంచుకున్న జట్టును సెప్టెంబరు చివరిదాకా నడపాలి. అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అంటే దాదాపు రోజూ ఆటే. వారానికొకరితో తలపడే పన్నెండు జట్ల ముఖాముఖి లీగ్‌లో ఆరు ప్లేఆఫ్‌కు వెళ్తాయనుకోండి. ఆగస్టు మొదటికే పదో స్థానంలో ఉన్నవాడికి దారి మూసుకుపోతుంది. అతని జట్టు పేజీ తెరిచి చూడండి: ఫస్ట్ బేస్ గడిలో 60 రోజుల గాయాల జాబితాకెక్కిన ఆటగాడు అలాగే ఉంటాడు, ఆ రోజు బంతి వేయబోయే పిచర్లిద్దరు బెంచీ మీద ఉంటారు. మే నెలలో ఇదే జట్టుతో తలపడినవాడు చెమటోడ్చాడు, ఆగస్టులో తలపడినవాడికి వారం ఉచితంగా దక్కింది. ప్లేఆఫ్ బెర్తు ఎవరిదో ఇలా తేలడం అన్యాయమే, కాదనను. అయితే ఆ పదోవాడిది బద్ధకం కాదు. అతను చేసే ఏ పనికీ ఫలితం మిగల్లేదు.

రుసుము రెట్టింపు చేస్తే ఏమవుతుంది? మార్చిలో కట్టిన డబ్బు ఆగస్టులో ఎలాగూ తిరిగిరాదు. యాభై డాలర్లు పోయినవాడు జట్టు సర్దకపోతే, వంద పోయినవాడు మాత్రం ఎందుకు సర్దుతాడు? పైగా వచ్చే ఏడాది అసలు చేరడు. డబ్బుతో పని జరగాలంటే మొత్తం పెంచడం కాదు, పంచే తీరు మార్చాలి. ఛాంపియన్ వాటాలోంచి కొంత తీసి సీజన్ రెండో సగంలో మెరుగ్గా ఆడిన జట్టుకు కేటాయిస్తే జులై మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామం తర్వాత అందరూ సున్నా నుంచి మొదలుపెడతారు.

ఆఖరి స్థానానికి శిక్ష ఫాంటసీ ఫుట్‌బాల్ నుంచి వచ్చిన సరదా. వింత చొక్కా తొడిగించి ఫొటోలు తీస్తారు. దానికి భయపడేది అట్టడుగున ఉన్న ఇద్దరు ముగ్గురే. ఏడు, ఎనిమిది స్థానాలవాళ్లకు అది తగలదు. 1980లో డేనియల్ ఓక్రెంట్, అతని మిత్రులు న్యూయార్క్‌లో, నేటి ఫాంటసీ బేస్‌బాల్‌కు నాంది పలికిన రోటిసరీ లీగ్ మొదలుపెట్టినప్పుడు పుట్టిన ఆనవాయితీ చూడండి: యూహూ అనే చాక్లెట్ పానీయం తలమీద పోసేది ఓడినవాడికి కాదు, గెలిచినవాడికి!

చిట్టాలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది తొలి ఎంపిక సలహా. వినడానికి దయగల మాటే. కానీ పదో స్థానం కన్నా పన్నెండో స్థానం లాభసాటి అయినప్పుడు, తెలివైన మేనేజర్ చేయవలసిన పని ఓడిపోవడం. ఆటగాళ్లను మరుసటి ఏడాదికి అట్టిపెట్టుకునే కీపర్ లీగుల్లో ఇది మరీ ముదురుతుంది. ఆశ వదులుకున్న జట్టు తన తారలను అగ్రస్థానంలోని మిత్రుడికి ఇచ్చి, చవక ధరకు అట్టిపెట్టుకోదగ్గ కుర్రాళ్లను తెచ్చుకుంటుంది. మూడో స్థానంలో నిజాయితీగా పోరాడుతున్నవాడు నోరెళ్లబెట్టి చూస్తాడు. అసలు లీగులకే ఈ బెడద తప్పలేదు. జట్లు కావాలని ఓడిపోకుండా, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 1985లో డ్రాఫ్ట్ తొలి ఎంపికకు లాటరీ పెట్టింది. మేజర్ లీగ్ బేస్‌బాల్ కూడా 2022 డిసెంబరులో తొలిసారి లాటరీ తీసింది. అంతకుముందు అక్కడ అట్టడుగు జట్టుకే తొలి ఎంపిక. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం తెచ్చుకోవడమేమిటి?

దీన్ని తిరగేయాలి. ప్లేఆఫ్‌కు రానివాళ్లలో అందరికన్నా పైనున్నవాడికి, అంటే ఏడోవాడికి, తొలి ఎంపిక ఇవ్వండి. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది. అప్పుడు తొమ్మిదోవాడికి ఆగస్టు చివర్లో స్టోలెన్ బేసుల (పిచర్ బంతి వేసే సందులో తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) కోసం వేగంగా పరుగెత్తే ఒక అనామకుడిని ఏ జట్టులోనూ లేని ఆటగాళ్లకు జరిగే రహస్య వేలంలో రెండు డాలర్లకు కొనడానికి కారణం దొరుకుతుంది. నిపుణులు ఆడే టౌట్ వార్స్‌లో, నిర్ణీత పాయింట్లకు తగ్గిన జట్టుకు మరుసటి ఏడాది ఈ వేలం సొమ్ములో కోత పడుతుంది. అది శిక్షే. కాకపోతే ఆటలోనే పడే శిక్ష, ఆఖరివాడొక్కడికే కాక ఆ గీత దాటని ప్రతి జట్టుకూ వర్తించేది. బలహీన జట్టు ఎప్పటికీ బలహీనంగానే ఉండిపోదా అంటారా? కీపర్ లీగుల్లో ఆ ముప్పు కొంత ఉంది. అందుకు అట్టిపెట్టుకునే ఆటగాళ్ల సంఖ్య తగ్గించాలి, ఓటమికి బహుమతి ఇవ్వకూడదు.

ఇక సీజన్ మధ్యలో మార్పులు. 2023లో మేజర్ లీగే నిబంధనలు మార్చి ఆటకు ప్రాణం పోసింది కదా అని చిట్టా ఉదాహరణ చూపుతుంది. నిజమే, పిచర్ ఇన్ని సెకన్లలోపే బంతి వేయాలనే పిచ్ క్లాక్ వచ్చింది, బేసులు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగాయి. 2022లో 2,486 ఉన్న స్టోలెన్ బేసులు మరుసటి ఏడాది 3,503 అయ్యాయి. కానీ ఆ మార్పులను ముందు మైనర్ లీగుల్లో పరీక్షించి, 2022 సెప్టెంబరులోనే ప్రకటించారు. మార్చిలో డ్రాఫ్ట్‌కు కూర్చున్న ప్రతి మేనేజర్‌కూ వేగానికి విలువ మారబోతోందని తెలుసు. జూన్‌లో పాయింట్ల పద్ధతి మారిస్తే మార్చిలో ఆలోచించి కొన్నవాడి కష్టం గంగపాలు, నిద్రపోయినవాడికి లాటరీ. అప్పటిదాకా శ్రద్ధగా ఆడినవాడు కూడా అక్కడే ఆగిపోతాడు.

మార్పుల మీద ఓటింగ్ నవంబరులో పెట్టండి. ఆగస్టులో జట్టును వదిలేసినవాడిని ముందు అడగండి, ఏ వారం నుంచి ఆడబుద్ధి కాలేదని. అప్పటికి అతను ఏ స్థానంలో ఉన్నాడో, ఆ స్థానానికి ఏమి దక్కేదో పక్కన రాసుకుంటే ఏ నిబంధన మార్చాలో తెలుస్తుంది.