హీటప్‌కు ఎన్ని డిగ్రీలు?

హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. 1966 జూన్ 2న. అది వాతావరణ శాఖ లెక్క. టీవీ వార్తల లెక్కలో ఆ రోజు చలికాలం కిందే జమ. మా నగరంలో రాజకీయం రోజూ సాయంత్రం ఏడింటికి ‘హీటప్’ అవుతుంది, తొమ్మిదింటికి ‘మరింత హీటప్’ అవుతుంది. పదేళ్లుగా వింటున్నాను, ఎక్కడమే తప్ప దిగింది లేదు. ఈపాటికి హుస్సేన్‌సాగర్ తెర్లి, బుద్ధుడి విగ్రహం ఆవిరిలో కనబడకుండా పోవాలి.

పుట్టింట్లోనే ఈ మాటకు పేచీ ఉంది. కూర మళ్లీ పొయ్యెక్కితే బ్రిటన్ వాళ్లకు ‘హీటప్’, పోటీ ముదిరితే ‘హాటప్’. అమెరికా వాళ్లు రెండింటికీ ‘హీటప్’తోనే సరిపెట్టుకుంటారు. ఏ దొర మాటా కాదనలేని మొహమాటంతో మనం రెండూ తెచ్చుకున్నాం. చాలక ‘హీటెక్కింది’ అని మరొకటి అల్లాం. అప్ అన్నా పైకే, ఎక్కడమన్నా పైకే. ‘హీటప్ ఎక్కింది’ అనే రోజు కూడా దగ్గర్లోనే ఉంది. అప్పుడు రాజకీయం ఒక్క అంగలో రెండు మెట్లు ఎక్కుతుంది.

తెలుగుకు ఇక్కడ పేదరికమేమీ లేదు. నూనె కాగుతుంది, పప్పు ఉడుకుతుంది, పెనం కాలుతుంది, పాలు పొంగుతాయి, నిప్పు రాజుకుంటుంది, తగువు ముదురుతుంది. చిక్కల్లా అదే. ఏ మాట వాడాలో తేలాలంటే అసలు జరిగిందేమిటో ముందు కనుక్కోవాలి. హీటప్‌తో ఆ బెడద లేదు.

మొన్న నల్లకుంటలో అత్తగారింట భోజనానికి కూర్చున్నాను. చారు చల్లారింది.

“కాస్త హీటప్ చేయండి అత్తయ్యా.”

ఆవిడ గరిటెతో అలాగే ఆగిపోయారు. “కాచమంటారా, వెచ్చబెట్టమంటారా బాబూ? మళ్లీ మరిగిస్తే ఇంగువ వాసన పోతుంది.”

ఇంగ్లీషులో ఎంఏ చేసినవాణ్ని, జవాబు తోచలేదు. వెచ్చబెట్టమన్నాను, ధైర్యం చేసి.

అంతలో హాల్లో టీవీ ఎర్రటి అక్షరాలతో అరిచింది: ‘రాజధానిలో హీటప్ అయిన రాజకీయం!’ ఇద్దరు నాయకులు ఒకరికొకరు వేలు చూపించుకుంటున్నారు. అత్తయ్య చారు గిన్నె దించుతూ అటు ఓసారి చూశారు.

“ఇదీ వెచ్చబెట్టిందే. నిన్నటిదే కదూ?”