దాణా బస్తా దొరవారికి

దాణా బస్తా దొరవారికి, వర్ధన్నపేట అవతల మూడు బర్రెలు, ఒక దుడ్డె ఉన్న రైతు దండం పెట్టి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బర్రెలు మాత్రం ఈ మధ్యే క్షేమమయ్యాయి, ఆ సంగతి కిందికి వస్తుంది.

తమరు మా కొట్టంలో అడుగుపెట్టి ఈ దసరాకు రెండేళ్లు. తమరి ఒంటి మీద నలుపూ తెలుపూ మచ్చల సీమావు, దాని వెనక మంచుకొండలు, దాని కాళ్ల దగ్గర మోకాలెత్తు పచ్చగడ్డి. "గంత గడ్డి ఉన్న ఆవుకు దాణా ఎందుకు బిడ్డా?" అని మా అమ్మ మొదటి రోజే అడిగింది. అప్పుడు నవ్వాను.

అసలు తమరు మాకు పరాయివారేమీ కాదు. తమరి కడుపులో ఉన్నది మా పత్తి, మా మక్కలు, మా వడ్లే. పత్తిని ఎనుమాముల మార్కెట్‌కు మేమే తోలుకుపోయి తూకం వేయిస్తాం. దూది ఒక దారి, గింజ ఒక దారి పడతాయి. గింజ నూనె మిల్లుకు పోయి చెక్కగా మారుతుంది. వడ్లు మర పడితే తౌడు వస్తుంది, ఆ తౌడులోంచి నూనె కూడా లాగేశాక మిగిలిన పొడి తమరి దాకా వస్తుంది. మేం అమ్మేటప్పుడు ధర మార్కెట్లో పాటకు పెడతారు. కొనేటప్పుడు తమరి వీపు మీద ముందే అచ్చేసి ఉంటుంది. 2023 జూలైలో, దాణా ధరలు దిగుతాయని కేంద్రం నూనె తీసిన తౌడు ఎగుమతిని ఆపింది. మా డీలరు దగ్గర మాత్రం దిగింది చాయ్ గ్లాసు సైజు ఒక్కటే.

ఇక తమరి తరఫున బండి మీద వచ్చే అబ్బాయి గురించి. ఇన్‌షర్టు, మెడలో కార్డు. డీలరు ఆయన్ని "డాక్టర్ సాబ్" అని పిలుస్తాడు, ఆయనా కాదనడు. ఏం చదివాడో నేను అడగలేదు. మొదటిసారి వచ్చినప్పుడు గుప్పెడు దాణా తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. బెల్లం వాసన. "చూసినవా అన్నా, క్వాలిటీ!" అన్నాడు. చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్ కలిపితే ఏ పొట్టుకైనా ఆ వాసన వస్తుందని తర్వాత తెలిసింది. పెళ్లిచూపుల్లో సెంటు వాసన చూసి సంబంధం ఖాయం చేసుకున్నట్టు అక్కడికక్కడే నాలుగు బస్తాలకు ఒప్పుకున్నాను.

ఆయన వచ్చిన రోజు చూడండి. మా పెద్ద బర్రె ఈని పది రోజులైంది. ఊళ్లో ఎవరింట్లో బర్రె ఈనినా పురిటి వాసన తగిలినట్టు ఆ వారంలోనే ఆయన వస్తాడు. ఎందుకో తర్వాత అర్థమైంది. ఈనిన బర్రెకు ఆరేడు వారాల దాకా పాలు వాటంతట అవే పెరుగుతాయి. ఆ పెరిగేటప్పుడు పక్కన తమరు నిలబడి ఉంటే చాలు, పేరు తమరికి వస్తుంది. ఆ తర్వాత పాలు తగ్గుతాయి, అది కూడా సహజమే. కానీ అప్పుడు తప్పు ఎండది, నీళ్లది, కాదంటే "నీ బర్రె జాతే అంత అన్నా".

"ఎన్ని లీటర్లిస్తాంది?" అన్నాడు. ఎనిమిది అన్నాను. "గట్లయితే ఎనిమిది కిలోలు పెట్టు. లీటరుకు కిలో. గడ్డి జర తగ్గియ్యి, పొట్టల జాగ దాణాకు ఉండాలె." లెక్క ఎంత సులువుగా ఉందంటే, నిజం కాదేమోనన్న అనుమానం కూడా రాలేదు. బర్రెకు రెండు లీటర్ల పాలకు ఒక కిలో, ఒంటి పోషణకు కిలో, కిలోన్నర చాలని పశువుల డాక్టర్లు చెప్తారు. అంటే ఎనిమిది లీటర్లకు ఐదున్నర కిలోలు. మిగతా రెండున్నర కిలోలు నెలకు 75 అవుతాయి, అంటే బస్తాన్నర. ఆ బస్తాన్నర నా బర్రెకు కాదు, ఆ అబ్బాయి నెల టార్గెట్‌కు మేత.

పన్నెండో రోజుకు పాలకేంద్రంలో వెన్న 7 శాతం నుంచి 5.4కు పడింది. పాలలో నీళ్లు కలిపానేమోనని కేంద్రం నడిపే తమ్ముడు నన్ను ఒక రకంగా చూశాడు. దొరా, ముప్పై ఏళ్లుగా పాలు పోస్తున్న ఇంటి మీద పడిన ఆ చూపు తమరి ఖాతాలో రాసుకోండి. గడ్డి కడుపులో పులిస్తే పుట్టే ఆమ్లంతోనే పొదుగు వెన్న కడుతుందట. గడ్డి తగ్గించి దాణా పెంచితే ఆ ఆమ్లం తగ్గుతుంది, వెన్న పడిపోతుంది. పాలు పెరగడానికి ఇచ్చిన సలహాతోనే వెన్న పడింది, నాకు డబ్బులిచ్చేదేమో ఆ వెన్న లెక్క మీదే.

ఇంకో వారానికి ఒక రాత్రి బర్రె నెమరు వేయడం మానేసింది. ఎడమ డొక్క ఉబ్బింది, పెండ నీళ్లలా పోతోంది, తల గోడకు ఆనించి నిలబడింది. తమరి అబ్బాయికి ఫోన్ చేశాను. "టెన్షన్ పడకన్నా, బాడీ సెట్ అయితాంది. మా లివర్ టానిక్ ఉంటది, పొద్దుగాల పంపిస్త" అన్నాడు. పొద్దుగాల నేను పశువుల అంబులెన్స్ నంబరు 1962కు చేశాను. బండిలో వచ్చిన డాక్టరు బర్రెను ముట్టుకోకముందే "దాణా ఎన్ని కిలోలు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన నన్ను చూసిన చూపు ముందు పాలకేంద్రం చూపే నయం. కడుపులో పులుపు ఎక్కువైందని మందిచ్చాడు, వంటసోడా నీళ్లలో కలిపి తాగించాడు, మూడు రోజులు వరిగడ్డి తప్ప ఏమీ వద్దన్నాడు. టానిక్ డబ్బా కూడా వచ్చింది లెండి, బిల్లుతో సహా.

ఆ మూడు రోజులు ఖాళీగా కూర్చుని తమరి నోటి దగ్గర కుట్టిన చీటీ చదివాను. దారం లాగగానే ఊడి పొయ్యిలోకి పోయే చీటీ అది. తమరి గురించి నిజం రాసి ఉన్నది ఆ ఒక్క చోటే. ముడి ప్రొటీన్ 20 శాతం అని ఉంది. అది కొలిచే పద్ధతి ఏమిటంటే, దాణాలో నత్రజని ఎంతుందో చూసి 6.25తో హెచ్చవేస్తారు. ఆ నత్రజని పల్లి చెక్క నుంచి వచ్చిందా, పొలంలో చల్లే యూరియా నుంచి వచ్చిందా అని ఆ లెక్క అడగదు. మా కొట్టం మూలన ఉన్న యూరియాలో 46 శాతం నత్రజని. తమరి లెక్కన దాని ప్రొటీన్ 287 శాతం! మీకంటే పద్నాలుగు రెట్లు గొప్ప దాణా నా కొట్టంలో ఉండి కూడా నాకు తెలియలేదు. దాణాలో యూరియా ఒక శాతం మించకూడదని ప్రమాణం ఉంది, ఆ కొంచెం బర్రె కడుపు అరిగించుకుంటుంది కూడా, మోతాదు మించితే విషం. తమరిలో ఎంతుందో నేను చెప్పలేను. నేననేది ఆ 20 అంకె చూసి మురిసిన నా గురించే.

అదే చీటీలో "ఆమ్లంలో కరగని బూడిద" అని ఇంకో మాట. అదేమిటో చూద్దామని స్టీలు గ్లాసెడు నీళ్లలో పిడికెడు దాణా వేసి కలిపాను. పొట్టు తేలింది, పిండి నీళ్లను చిక్కబరిచింది. మెల్లగా వంచేసి అడుగున వేలు పెడితే గరగరలాడింది. ఇసుక. కిలో లెక్కన కొన్న ఇసుక, అదీ ఇంటి గుమ్మం దాకా తెచ్చిచ్చిన ఇసుక.

ఇదంతా డీలరుకు చెప్పొచ్చు కదా అంటారేమో. ఆయన దగ్గర నాకు ఉద్దెర ఉంది. ఉద్దెర ఉన్నవాడికి అనుమానాలుండవు. ఎద రాకపోతే ఒక డబ్బా, వచ్చి కట్టకపోతే ఇంకో డబ్బా, కడితే సూడి బర్రె దాణా, ఈనితే దుడ్డె దాణా. చచ్చిపోతే ఏ బస్తా అని నేను అడగలేదు, ఉండే ఉంటుంది. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, మా ఊరి నుంచి గంట దారి కూడా కాదు. కానీ వాళ్లు బండేసుకుని వచ్చి చాయ్ తాగి మా బర్రె పేరు పెట్టి పలకరించరు. మీ అబ్బాయి పలకరిస్తాడు. నిజం చెప్పాలంటే అక్కడే పడిపోయాను.

తమరు చెడ్డవారని కాదు దొరా. పచ్చగడ్డి, చొప్పతో పాటు కొలిచి పెడితే తమరితో పని ఉంది, ఇప్పటికీ కొంటున్నాను. ఖాళీ అయ్యాకైతే తమరి అంత నమ్మకస్తులు లేరు. వడ్లు పోసుకోవచ్చు, వానకు తల మీద కొంగులా వేసుకోవచ్చు. మా స్నానాల తడిక మీద తమరి సీమావే నవ్వుతూ ఉంటుంది.

నిన్న ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. మా రెండో బర్రె ఈని వారమైంది మరి. ఖాళీ బస్తా పరిస్తే దాని మీదే కూర్చుని కొత్త స్కీము చెప్పాడు. ఇరవై బస్తాలు తీసుకుంటే స్టీలు బకెట్ ఫ్రీ. మా అమ్మ బకెట్ తీసుకుని తిప్పి చూసింది, అడుగున వేలితో కొట్టి చప్పుడు విన్నది.

"బస్తాలు అద్దు గని కొడుకా, గీ బకెట్ ఒక్కటే అయితే ఎంతకిస్తవు?"

ఆయన సెల్‌ఫోన్ తీసి రేట్ల పట్టికలో చాలాసేపు వెతికాడు.