నాస్ బాక్స్ ఆన్ కాకపోతే ఆ ఫార్వర్డ్‌లో చెప్పినట్టు మాత్రం చెయ్యకండి

పెళ్లి ఫోటోగ్రాఫర్ల గ్రూపుల్లో, చిన్న ఆఫీసుల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: నాస్ (అందరూ నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచుకునే డిస్క్‌ల పెట్టె) చచ్చిపోతే రికవరీ వాళ్లకి వేలకు వేలు పొయ్యక్కర్లేదు, డిస్క్‌లు ఊడదీసి విండోస్ కంప్యూటర్‌కి తగిలించండి, అది ‘ఇనిషియలైజ్’ అనో ‘ఫార్మాట్’ అనో అడిగితే ఓకే కొట్టండి, తర్వాత ఏదో ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ అన్నీ వెనక్కి తెస్తుంది. లేదంటే ఏ కంపెనీదైనా కొత్త నాస్ కొని అందులో పెట్టండి. రెయిడ్ (కొన్ని డిస్క్‌లను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) ఉంటే ఒక డిస్క్ చాలు. డిస్క్ టక్ టక్ మంటుంటే రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టండి. అదీ పనిచెయ్యకపోతే అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తీసి బిగించండి. చివర్లో ‘అందరికీ షేర్ చెయ్యండి’ అని.

దయచేసి షేర్ చెయ్యకండి. నేను డేటా రికవరీ పని చేస్తాను, బాక్స్ పోయి వచ్చే కేసులు కష్టమేమీ కాదు, బాక్స్ పోయాక ఇంట్లో ఎవరో ఇలాంటివి ప్రయత్నించి తెచ్చే కేసులే నన్ను బాధపెడతాయి. ఎందుకంటే వాటిలో చాలావరకు మొదటి రోజు డేటా మొత్తం క్షేమంగానే ఉండి ఉంటుంది.

ముందు, అందులో నిజం ఎంతో చెప్తాను. బాక్స్ పోయినంత మాత్రాన డేటా పోదు, ఇది నూటికి నూరుపాళ్లు నిజం. నాస్ అంటే లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే ఒక చిన్న కంప్యూటర్, ఫైళ్లు ఉండేది డిస్క్‌ల మీద. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్లు: వాటిలో క్లాక్ సిగ్నల్ ఇచ్చే భాగం కాలక్రమేణా బలహీనపడి బోర్డు ఒకరోజు అస్సలు బూట్ కాకుండా పోతుందని 2017లో బయటపడింది, నాస్‌లు చేసే సినాలజీ కంపెనీ డీఎస్415 ప్లస్, డీఎస్1815 ప్లస్ లాంటి మోడళ్లు ఆ ప్రాసెసర్ మీదే నడిచేవి. ఆ బాక్స్‌లు పోయినప్పుడు డిస్క్‌లకు ఏమీ కాలేదు. బోర్డు మీద 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి అతికించి మళ్లీ లేపుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

అసలు ఆ ఫార్వర్డ్ రాసినాయన డిస్క్‌లు ఊడదీయమనే ముందు అడాప్టర్ చూడమని ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కాదు. లైట్ వెలిగి ఆరిపోవడం, డిస్క్‌లు తిరగడం మొదలుపెట్టి మళ్లీ ఆగిపోవడం, ఇవన్నీ చాలాసార్లు బోర్డు తప్పు కాదు, పాతబడిన అడాప్టర్ లోడ్ పడగానే వోల్టేజ్ నిలబెట్టలేకపోవడం. మల్టీమీటర్‌తో చూస్తే ఖాళీగా ఉన్నప్పుడు 12 వోల్టులూ చూపిస్తుంది, అందుకే మోసపోతాం. రెండు డిస్క్‌ల బాక్స్‌లకు మామూలుగా 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ ఉంటుంది. అదే వోల్టేజ్, అదే పొలారిటీ, అంతే లేదా అంతకంటే ఎక్కువ ఆంపియర్లు ఉన్నది తెచ్చి చూడండి. పిన్ సరిపోయింది కదా అని లాప్‌టాప్‌ది 19 వోల్టులది మాత్రం గుచ్చకండి, ఆ వోల్టేజ్ నేరుగా డిస్క్‌ల దాకా వెళ్లే ప్రమాదం ఉంది, అప్పుడు నిజంగానే డిస్క్‌ల మీదికి వస్తుంది.

ఇక అన్నిటికంటే ప్రమాదకరమైన మాట: విండోస్ అడిగితే ఓకే కొట్టమనడం.

నాస్‌లో డిస్క్‌లు విండోస్‌కి అర్థమయ్యే పద్ధతిలో ఉండవు. సినాలజీనే తీసుకుంటే, ప్రతి డిస్క్ మీదా ముందు సిస్టమ్‌కి ఒక భాగం, స్వాప్‌కి ఒక భాగం, తర్వాత డేటా భాగం ఉంటాయి, డేటా భాగం లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో, చాలాసార్లు దానిపైన ఎల్‌వీఎమ్‌లో (డిస్క్ జాగాని వాల్యూమ్‌లుగా పంచే పొర), ఆ పైన ఎక్స్‌ట్4 లేదా బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది. ఈ మూడు పొరల్లో ఒక్కటి కూడా విండోస్‌కి తెలియదు, తెలియని డిస్క్ కనిపిస్తే ఖాళీ డిస్క్ అనుకుని సెటప్ చెయ్యనా అని అడగొచ్చు. ఇనిషియలైజ్ ఒక్కటే కొడితే కొత్త పార్టిషన్ పట్టిక (ఏ భాగం ఎక్కడుందో చెప్పేది) రాస్తుంది, జీపీటీ అనే రకం ఎంచుకుంటే డిస్క్ చివర్లో కూడా రాస్తుంది, ఇంతవరకైతే తెలిసినవాళ్లు సరిచెయ్యగలరు. ఆ తర్వాత ఫార్మాట్ కొడితే విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ తన సొంత పట్టికలను డిస్క్ లోపల రాసుకుంటుంది, అవి ఎక్కడ పడితే అక్కడున్న మీ సమాచారం పోయినట్టే. ‘క్విక్’ అన్న టిక్కు తీసేసి ఫుల్ ఫార్మాట్ చేశారంటే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు, విస్టా కాలం నుంచీ విండోస్ ఫుల్ ఫార్మాట్‌లో ఆ పార్టిషన్ మొత్తం సున్నాలు రాస్తుంది. ఫార్మాట్ చేశాక కూడా ఫలానా సాఫ్ట్‌వేర్ అన్నీ తెస్తుందన్న మాట ఇక్కడే అబద్ధమవుతుంది.

మరి రికవరీ సాఫ్ట్‌వేర్? మూడు డిస్క్‌ల రెయిడ్ 5 ఉందనుకోండి, ఫైళ్లు 64 కేబీ చొప్పున ముక్కలై డిస్క్‌లన్నిటికీ పంచబడి ఉంటాయి. 8 ఎంబీ ఫోటో ఒకటి 128 ముక్కలు. అందులో ఒక్క డిస్క్ తెచ్చి మామూలు సాఫ్ట్‌వేర్‌తో స్కాన్ చేస్తే ఫైల్ పేర్లు కూడా రావు, వచ్చిన ఫోటోలు పైన కాస్త కనిపించి కింద బూడిద రంగులో ఉంటాయి, అది చూసి మనిషి డేటా కరప్ట్ అయిపోయిందని ఏడుస్తాడు. కరప్ట్ కాలేదు, మిగతా ముక్కలు పక్క డిస్క్‌ల మీద ఉన్నాయి. డిస్క్‌లన్నీ కలిపి రెయిడ్‌ని తిరిగి కట్టగలిగే సాఫ్ట్‌వేర్లు వేరే ఉన్నాయి, యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్, ఆర్-స్టూడియో లాంటివి, అవి విండోస్ మీద కూడా నడుస్తాయి, డిస్క్ మీద ఏమీ రాయకుండా చదువుతాయి. విండోస్ అడిగే ప్రశ్నలన్నిటికీ ‘క్యాన్సిల్’ అని చెప్పి వీటిని వాడుకోవచ్చు.

సరైన దారి లైనక్స్. సినాలజీ తనే ఈ పద్ధతిని గైడ్‌గా పెట్టింది: కంప్యూటర్‌ని ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఎమ్‌డీఆడ్మ్ (లైనక్స్‌లో రెయిడ్‌ని నడిపే ప్రోగ్రామ్), ఎల్‌వీఎమ్2 ప్యాకేజీలు ఎక్కించి, రెయిడ్‌ని అసెంబుల్ చేసి, రీడ్ ఓన్లీగా మౌంట్ చెయ్యడం, అంటే రాయకుండా చదవడానికి మాత్రమే తెరవడం. దానికి నా వైపు నుంచి రెండు జాగ్రత్తలు. అసెంబుల్ చేసేటప్పుడే రీడ్ ఓన్లీ ఆప్షన్ ఇవ్వండి, లేకపోతే డిస్క్‌ల మధ్య తేడా ఉంటే లైనక్స్ దానంతట అదే సింక్ మొదలుపెట్టొచ్చు. ఎక్స్‌ట్4ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా సరే, కరెంట్ పోయినప్పుడు మిగిలిపోయిన జర్నల్‌ని (పూర్తికాని మార్పుల చిట్టాని) అది డిస్క్ మీద రాసేస్తుంది, అది వద్దంటే ‘నోలోడ్’ ఆప్షన్ కూడా ఇవ్వాలి. ఎమ్‌డీఆడ్మ్‌లో ‘క్రియేట్’ అనే ఆదేశం ఉంది చూశారూ, ఎవరు ఎంత ధైర్యం చెప్పినా దాని జోలికి వెళ్లకండి. అది రెయిడ్ వివరాలున్న పాత సమాచారాన్ని చెరిపేస్తుంది, ఆపైన డిస్క్‌ల వరస తప్పినా, డేటా మొదలయ్యే చోటు పాత వెర్షన్‌కీ కొత్త వెర్షన్‌కీ తేడా ఉన్నా మీ డేటా దెబ్బతినొచ్చు. ముందు ‘ఎగ్జామిన్’ ఆదేశంతో ప్రతి డిస్క్ వివరాలూ చూసి, తెర మీద వచ్చింది ఫోటో తీసి పెట్టుకోండి. ఇంకో సంగతి, కొన్ని యూఎస్‌బీ డాక్‌లు సెక్టార్ సైజును మార్చి చూపిస్తాయి, దాంతో పార్టిషన్లే కనపడవు. వీలైతే మదర్‌బోర్డు సాటా పోర్టుకే తగిలించండి.

లైనక్స్ అయినా అన్నీ తెరుచుకోవు, అది కూడా ఒప్పుకోవాలి. వెస్టర్న్ డిజిటల్ వాళ్ల పాత మై బుక్ లైవ్‌లో పవర్‌పీసీ ప్రాసెసర్ ఉండేది, ఎక్స్‌ట్4 బ్లాక్ సైజు 64 కేబీ పెట్టారు, మామూలు పీసీలో లైనక్స్ చాలాసార్లు దాన్ని నేరుగా మౌంట్ చెయ్యదు, డీబగ్ఎఫ్ఎస్ లాంటి పనిముట్లతో ఫైళ్లు బయటికి తియ్యాలి. నాస్‌లు చేసే ఇంకో కంపెనీ క్యూన్యాప్ తన ఎల్‌వీఎమ్‌లో సొంత మార్పులు చేసుకుంది, స్టోరేజ్ పూల్‌తో చేసిన వాల్యూమ్‌లు చాలాసార్లు మామూలు లైనక్స్‌లో రావు. మౌంట్ కాలేదంటే డేటా లేదని కాదు. అక్కడ ఆగి ఆలోచించాలి, రిపేర్ ఆదేశాలు వరసగా కొట్టుకుంటూ పోకూడదు.

ఏ కంపెనీ నాస్ అయినా పర్లేదన్న మాట తప్పు. వేరే కంపెనీ బాక్స్‌లో పెడితే అది డిస్క్‌లను ఖాళీ చేసి మొదలుపెడతానంటుంది. అదే కంపెనీ బాక్స్ అయితే మాత్రం ఇది మంచి దారే, సినాలజీ డిస్క్‌లను మరో సినాలజీలో, అదే వరసలో పెడితే ‘మైగ్రేట్’ అని అడుగుతుంది, ఒప్పుకోవచ్చు. కానీ పాత బాక్స్‌లో బీటీఆర్ఎఫ్ఎస్ వాడి, ఇప్పుడు కొన్నది డీఎస్218జే లాంటి బీటీఆర్ఎఫ్ఎస్ లేని మోడల్ అయితే అది కుదరదు. అక్కడ కనిపించే ‘క్లీన్ ఇన్‌స్టాల్’ బటన్ తొందరలో నొక్కితే మీ వాల్యూమ్ పోతుంది.

రెయిడ్ ఉంటే ఒక డిస్క్ చాలన్నది ఇంకోటి. ఏ రెయిడ్? రెండు 4 టీబీ డిస్క్‌లు పెడితే మీకు 8 టీబీ కనిపించేదా, 4 టీబీ కనిపించేదా, ముందు అది గుర్తు తెచ్చుకోండి. 8 కనిపించేదంటే అక్కడ రెండో కాపీ అనేదే లేదు. 4 కనిపించేదంటే రెయిడ్ 1, ఒక్క డిస్క్‌తో పని అవుతుంది, కానీ ఏ డిస్క్? రెండిట్లో ఒకటి ఆరు నెలల క్రితమే రెయిడ్ నుంచి బయటికి పోయి, బాక్స్ బీప్ కొడుతుంటే ఎవరో సౌండ్ ఆపేసి ఉంటే, ఆ డిస్క్‌లో ఆరు నెలల క్రితం ఫైళ్లే ఉంటాయి. అది తగిలించి చూసి కొత్త పెళ్లిళ్లన్నీ పోయాయని గుండె పట్టుకున్నవాళ్లున్నారు. ఇందాక చెప్పిన ‘ఎగ్జామిన్’లో ఈవెంట్స్ అనే లెక్క, చివరిసారి రాసిన తేదీ ఉంటాయి, ఏది ఎక్కువగా ఉంటే అదే తాజా డిస్క్. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపి బలవంతంగా సింక్ చెయ్యడం మాత్రం వద్దు.

ఫ్రీజర్ గురించి ఎక్కువ చెప్పను. డిస్క్ లోపల చదివే తల ప్లాటర్ (తిరిగే పళ్లెం) మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది, చల్లటి డిస్క్‌ని బయటికి తీస్తే, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి ఊళ్ల తేమలో, ఆ సందులో తేమ పేరుకోవచ్చు. టక్ టక్ మంటే కరెంట్ తీసెయ్యాలి, అంతే.

బోర్డు మార్పిడి చాలా పాత డిస్క్‌లలో నడిచేది. ఇప్పటి డిస్క్‌లలో ఆ ఒక్క డిస్క్ తలలకు, ప్లాటర్లకు సరిపోయేలా ఫ్యాక్టరీలో కొలిచిన లెక్కలు బోర్డు మీది రోమ్ చిప్‌లో ఉంటాయి, మెమరీ ర్యామ్ కాదు, రీడ్ ఓన్లీ చిప్. కొన్నిటిలో అది విడిగా ఎనిమిది కాళ్ల చిప్, కొన్నిటిలో ప్రధాన కంట్రోలర్ లోపలే. అది మార్చకుండా బోర్డు మాత్రం మార్చితే డిస్క్ తిరుగుతుంది కానీ చదవదు. వోల్టేజ్ ఎక్కువై పోయిన డిస్క్ అయితే తరచుగా బోర్డు మీది టీవీఎస్ డయోడ్ (ఎక్కువ వోల్టేజ్‌ని అడ్డుకునే భాగం) ఒక్కటే షార్ట్ అయి మిగతాదాన్ని కాపాడి ఉంటుంది, అంటే మార్చాల్సింది బోర్డు మొత్తం కాకపోవచ్చు. హాట్ ఎయిర్ గన్ అలవాటున్న చేతికి ఇది పెద్ద పని కాదు. మీ దగ్గరున్న ఒకే ఒక్క కాపీ మీద ఆ పని నేర్చుకోవడం మాత్రం వద్దు.

ఫార్వర్డ్‌లో ఎక్కడా లేని ముఖ్యమైన సంగతి ఎన్‌క్రిప్షన్. ఫోల్డర్‌కో వాల్యూమ్‌కో ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే డిస్క్‌లన్నీ నిక్షేపంగా ఉన్నా పాస్‌వర్డ్ లేదా కీ ఫైల్ లేకుండా ఏ ల్యాబూ ఏమీ చెయ్యలేదు. కీ ఆ నాస్‌లోనే దాచుకున్నవాళ్లు ఇప్పుడే, బాక్స్ పనిచేస్తుండగానే, బయట ఇంకోచోట దాచుకోండి.

ఇక రికవరీ వాళ్లకి డబ్బులు ఎందుకన్న ప్రశ్న. డిస్క్‌లు మామూలుగా తిరుగుతూ, శబ్దం లేకుండా, స్మార్ట్ వివరాల్లో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కల్లో) పెండింగ్ సెక్టార్లు, అంటే చదవడానికి మొరాయించే చోట్లు, లేకుండా ఉంటే నిజంగానే అక్కర్లేదు, లైనక్స్ తెలిసిన స్నేహితుడు, ఖాళీ డిస్క్ ఒకటి చాలు. పెండింగ్ సెక్టార్లు ఉంటే ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌ని ఇంకో డిస్క్‌కి కాపీ తీసి, ఏం చదివిందో ఏం మిగిలిందో అది రాసుకునే మ్యాప్ ఫైల్ జాగ్రత్తగా ఉంచుకుని, ఆ కాపీ మీదే మిగతా పని చెయ్యాలి. శబ్దం వస్తున్నా, అసలు తిరగకపోయినా ల్యాబ్‌కే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు డిస్క్‌లన్నీ ఇవ్వండి, పాడైనదని పక్కన పడేసినది కూడా, ఒక్కోదాని మీద అది ఏ స్లాట్‌లోదో మార్కర్‌తో రాసి. బాక్స్ మోడల్, రెయిడ్ రకం, ఏ రోజు ఏం జరిగింది, ఆ తర్వాత మీరేం చేశారు, అన్నీ దాచకుండా చెప్పండి. విండోస్‌లో ఓకే కొట్టి ఉంటే అది ముందే చెప్పండి, వాళ్లు ఎక్కడ వెతకాలో దాన్నిబట్టే తేలుతుంది. ఒరిజినల్ డిస్క్ మీద కాకుండా కాపీ మీద పనిచేస్తారా అని అడగండి, సూటిగా అవునని చెప్పకపోతే డిస్క్‌లు తీసుకుని వచ్చెయ్యండి.