ఫారం 16 ఎప్పుడిస్తారండీ?

జీతంలో పన్ను కోసినట్టు ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్టే ఫారం 16. జూన్ 15లోపు చేతికివ్వాలి. మా ఆఫీసులో అడిగితే "వచ్చే వారం చూద్దాం". ఎన్ని వచ్చే వారాలండీ? ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది, ఎవరైనా కట్టారా?

నాన్నది ఇంకా ఘోరం. రిటైరైన టీచరు. డిపాజిట్ వడ్డీలో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోశారు, కోసిన పన్ను లెక్క చూపే 26ఏఎస్‌లో మాత్రం పైసా కనపడదు. పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టారట! గజపతినగరం నుంచి విజయనగరం బ్యాంకుకి మూడుసార్లు బస్సెక్కారు, ఆ ఎండలో. ఒకసారి సర్వర్ డౌన్. ఒకసారి ఆ సీటు మేడం సెలవు. మూడోసారి "ఆన్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టుకోండి". డెబ్బై ఏళ్ల మనిషితో అనే మాటేనా అది? ఇంటికొచ్చి సంచి తీస్తే పాస్‌బుక్ జిరాక్సులు చెమటకి తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

తప్పు వాళ్లది, తిరుగుడు మాది. రిటర్న్ వేయడానికి గడువు జూలై 31 దాటిందా, 5,000 దాకా లేటు ఫీజు కూడా మాకే!