అరువు అంకెతో సంతాన చికిత్స

సంతానం కోసం వైద్యం చేయించుకుంటున్న దంపతుల్లో 2.5 అనే అంకె తెలియనివారు ఇప్పుడు అరుదు. రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోన్; గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది) అంతకు మించితే గర్భం నిలవడం కష్టమని, నిలిచినా బిడ్డకు మంచిది కాదని, కాబట్టి ముందుగా థైరాయిడ్ మాత్ర (లెవోథైరాక్సిన్) మొదలుపెట్టాలని చెన్నైలోనూ బెంగళూరులోనూ చాలా సంతాన సాఫల్య కేంద్రాల్లో మొదటి రోజే చెబుతారు. ఆ హద్దు మన స్త్రీల రక్తాన్ని పరీక్షించి గీసినది కాదని, దాన్ని మనకు అందించినవారే తర్వాత వదులుకున్నారని మాత్రం చెప్పరు. థైరాయిడ్, పునరుత్పత్తి హార్మోన్ల పరిశోధనలో మనం ఇప్పటికీ ఎవరో వేసుకున్న ప్రశ్నలకు వచ్చిన జవాబులతో సరిపెట్టుకుంటున్నాం. అందుకు కారణం మన దగ్గర డాక్టర్లు లేకపోవడమో రోగులు లేకపోవడమో కాదు. ఆ ప్రశ్న మీద డబ్బు పెట్టవలసిన ప్రభుత్వం పెట్టకపోవడమే కారణమని నా వాదన.

నెల్లూరు జిల్లా నుంచి చెన్నైకి వైద్యానికి వస్తున్న మా బంధువుల అమ్మాయి ఫైలు ఈమధ్య చూశాను. ల్యాబ్ రిపోర్టులో టీఎస్‌హెచ్ 3.1 అని ఉంది. పక్కనే అదే ల్యాబ్ అచ్చువేసిన సాధారణ పరిధి 4.2 వరకు ఉంది. డాక్టరుగారు 3.1 చుట్టూ ఎర్ర సిరాతో గీత చుట్టి, కింద 25 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. అప్పటినుంచి ఆ అమ్మాయి పరగడుపున మాత్ర వేసుకుని, కాఫీ కోసం గంటసేపు ఆగి, ఐరన్, కాల్షియం మాత్రలను నాలుగు గంటలు ఎడంగా సర్దుకుని, ఆరు వారాలకోసారి రక్తం ఇచ్చి వస్తోంది. థైరాయిడ్ యాంటీబాడీలు (సొంత థైరాయిడ్ గ్రంథి మీదే ఒళ్లు తయారుచేసుకునే ప్రతిరక్షకాలు) కూడా ఉన్నాయని తేలాక బెంగ ఇంకా పెరిగింది. "నాకు థైరాయిడ్ ఉందంట పిన్నీ, మా అత్తగారి దగ్గర మాత్రం అనకండి" అని చెప్పుకుంది.

ఆ 2.5 కథ పాఠకులకు స్థూలంగా తెలిసే ఉంటుంది. గర్భిణులకు మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ పై హద్దు 2.5, తర్వాతి నెలల్లో 3 అని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2011లో సూచించింది. ఆ సూచన కూడా స్థానికంగా లెక్కలు లేనిచోట వాడుకోమన్నదే. మనకు అప్పటికే లెక్క ఉంది. ఢిల్లీలో ఆరోగ్యవంతులైన గర్భిణులను పరీక్షించిన ఆర్.కె. మర్వాహా బృందం మొదటి మూడు నెలలకు పై హద్దు 5.0 అని, ఆ తర్వాతి నెలల్లో సుమారు 5.7 అని 2008లోనే ప్రచురించింది. అయినా 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ గర్భిణుల థైరాయిడ్ పరీక్షలకు మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు 2.5, 3 అనే అంకెలనే తీసుకుంది. మూడేళ్లు తిరక్కుండానే, 2017లో, అమెరికన్లు తమ మాటను సవరించుకున్నారు. స్థానిక పరిధే ముఖ్యమని, అది లేనప్పుడు పై హద్దు సుమారు 4 అనుకోవచ్చని రాశారు. ఇంట్లో ఉన్న కొలతను పక్కనపెట్టి పరాయి కొలత తెచ్చుకున్నాం. తెచ్చుకున్నచోట అది మారిపోయాక కూడా మన క్లినిక్కులు దాన్నే పట్టుకుని ఉన్నాయి. పైగా, గర్భిణుల కోసం గీసిన ఆ హద్దును గర్భం కోసం ఎదురుచూస్తున్న స్త్రీలకు కూడా వర్తింపజేస్తున్నాయి.

అంకె సంగతి అలా ఉంచి, మాత్ర వల్ల మేలు జరుగుతోందా అన్నది చూడాలి. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ వైద్యుల నాయకత్వంలో జరిగి 2019లో వెలువడిన ‘టాబ్లెట్’ అనే ట్రయల్ నా దృష్టిలో ఈ రంగంలో గత పాతికేళ్లలో జరిగిన అత్యంత నిజాయితీగల పరిశోధనల్లో ఒకటి. 49 ఆసుపత్రుల్లో 19 వేలకు పైగా స్త్రీలను పరీక్షించి, థైరాయిడ్ పనితీరు మామూలుగానే ఉండి యాంటీబాడీలు మాత్రం ఉన్న, గతంలో గర్భస్రావమో సంతానలేమో చవిచూసిన 952 మందిని ఎంచుకున్నారు. చీటీలు తీసినట్టుగా వారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజూ 50 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్, రెండో జట్టుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే మందులేని బిళ్ల ఇచ్చారు. ఎవరికి ఏది అందుతోందో ఇచ్చేవారికీ తెలియదు, వేసుకునేవారికీ తెలియదు. మాత్ర వేసుకున్నవారిలో బిడ్డను కన్నవారు 37.4 శాతం, ఉత్త బిళ్ల వేసుకున్నవారిలో 37.9 శాతం. అంతకు రెండేళ్ల ముందే బీజింగ్‌లో ఐవీఎఫ్‌కు సిద్ధమైన 600 మంది మీద ఇలాంటి పరిశోధనే జరిగింది. గర్భస్రావాలు ఒక జట్టులో 10.3 శాతం, రెండో జట్టులో 10.6 శాతం. ఎటు చూసినా తేడా లేదు.

టాబ్లెట్ ట్రయల్‌లో చేర్చుకున్నవారి టీఎస్‌హెచ్ 0.44 నుంచి 3.63 మధ్య ఉంది. అంటే 3.1 దగ్గర ఉండి, యాంటీబాడీలు కూడా కనిపించిన మా అమ్మాయి వంటివారే వాళ్లంతా. ఆమె ప్రశ్నకు జవాబు బర్మింగ్‌హామ్‌లో దొరికింది కానీ ఆమె వైద్యం జరుగుతున్న చెన్నైకి ఇంకా చేరలేదు.

ఎదుటివారి వాదన కొట్టిపారేయదగినది కాదు. మాత్ర చవక, ఆ మోతాదులో పెద్దగా హానిలేదు, ముప్పై అయిదు దాటిన స్త్రీని పరిశోధనలు తేలేదాకా ఆగమనడం అన్యాయం అంటారు. కొరియాలో 64 మంది మీద జరిగిన ఒక చిన్న పరిశోధనలో స్వల్ప థైరాయిడ్ లోపం ఉన్న స్త్రీలకు ఐవీఎఫ్‌లో ఈ మాత్ర మేలు చేసిందని చూపుతారు. అమెరికాలో గర్భిణులకు మాత్ర ఇచ్చి, పిల్లలకు అయిదేళ్లు వచ్చాక తెలివితేటలు కొలిస్తే తేడా కనబడకపోవడానికి, మాత్ర నాలుగో నెల దాటాక మొదలుకావడమే కారణమని కూడా అంటారు. ఇవన్నీ సరైన సందేహాలే, కాబట్టి ఇక్కడే పరిశోధించి తేల్చుకోవాలన్నదానికి ఇవే బలమైన కారణాలు. థైరాయిడ్ నిజంగా మందగించినవారికి మాత్ర తప్పనిసరి. వారు గర్భం దాల్చగానే మోతాదు పెంచవలసి వస్తుంది కూడా. అందులో నాకు పేచీ లేదు, ఈ వ్యాసం చదివి ఎవరూ డాక్టరును అడగకుండా మాత్ర మానకూడదు.

పీసీఓఎస్ (అండాశయాల పనితీరు, నెలసరి గాడితప్పే హార్మోన్ సమస్య) విషయంలో అయోమయం ఇంకా ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా 9,824 మంది స్త్రీలను పరీక్షించిన అధ్యయనం 2024లో వెలువడింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్ఐహెచ్) ప్రమాణంతో చూస్తే వారిలో 7.2 శాతం మందికి, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో రూపొందిన ప్రమాణంతో చూస్తే 19.6 శాతం మందికి పీసీఓఎస్ ఉన్నట్టు. స్త్రీలు వాళ్లే, పరీక్షలూ అవే. ఏ దేశపు కొలబద్ద చేతిలో ఉందన్నదాన్ని బట్టి జబ్బు దాదాపు మూడు రెట్లయింది. ఇంతటి మౌలికమైన విషయంలోనే ఏకాభిప్రాయం లేనప్పుడు, ఇరవై ఏళ్ల అమ్మాయికి నెలసరి కాస్త అటూఇటూ అయితే చాలు స్కానింగ్ తీసి, గర్భనిరోధక మాత్రలూ, మధుమేహం మందు మెట్‌ఫార్మిన్ రాసి పంపడం ఏ ధైర్యంతో?

మెట్‌ఫార్మిన్ అనగానే చెన్నై గుర్తుకు రాక తప్పదు. మధుమేహం అంచున ఉన్నవారి మీద అమెరికా పరిశోధనలో ఈ మందును రోజుకు 1,700 మిల్లీగ్రాములు ఇచ్చారు. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 531 మంది భారతీయుల మీద అదే ప్రశ్న వేసుకుని, మన ఒంటికి రోజుకు 500 మిల్లీగ్రాములతోనే మధుమేహం ముప్పు నాలుగో వంతుకు పైగా తగ్గుతుందని 2006లో చూపింది. మూడో వంతు కంటే తక్కువ మోతాదు! గర్భిణులకు వచ్చే మధుమేహం విషయంలోనూ ఇదే నగరం దారి చూపింది. పల్లెల నుంచి బస్సులో వచ్చే గర్భిణిని పరగడుపున మళ్లీ రమ్మంటే రాదని గ్రహించిన వి. శేషయ్య, తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీస్తే చాలన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కేంద్ర ప్రభుత్వం దాన్నే జాతీయ మార్గదర్శకంగా స్వీకరించింది. మధుమేహంలో మన ఒంటికి తగిన కొలత మనమే కనిపెట్టుకున్న ఈ ఊళ్లోనే, థైరాయిడ్ దగ్గరికి వచ్చేసరికి పదిహేనేళ్ల కిందటి అమెరికన్ అంకె రాజ్యమేలుతోంది.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం వెళ్లనక్కరలేదు. లెవోథైరాక్సిన్ రోజుకు రూపాయో రెండో అయ్యే మాత్ర. దాని మీద పేటెంటు లేదు. మన ఎనిమిది నగరాల్లో పెద్దవారిలో 10.95 శాతం మందికి థైరాయిడ్ లోపం ఉందని 2013లో చెప్పిన అధ్యయనానికి డబ్బు సమకూర్చింది ఆ మాత్రలు అమ్మే కంపెనీయే. ఎంతమందికి జబ్బుందో లెక్కపెట్టడానికి కంపెనీలు డబ్బు పెడతాయి, ఎవరికి మాత్ర అక్కరలేదో తేల్చడానికి పెట్టవు. ఆ రెండో పని ప్రభుత్వ ఖజానా చేయాలి. టాబ్లెట్ ట్రయల్‌కు బ్రిటిష్ ప్రభుత్వ పరిశోధన నిధులే ఆధారం. మన దగ్గర గుంటూరులోనో విజయవాడలోనో ఫార్మ్-డి (ఔషధశాస్త్ర డిగ్రీ) చదివిన పిల్లలు బెంగళూరు ఆఫీసుల్లో కూర్చుని విదేశీ ట్రయల్స్ డేటాలో తప్పులు దిద్దుతున్నారు. నైపుణ్యం ఇక్కడిది, ప్రశ్న అక్కడిది.

ఒకప్పుడు ఇలా లేదు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి ఉబ్బి మెడ వాచే జబ్బు) మీద ప్రయోగం మొదలుపెట్టారు. లక్ష జనాభా ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు మండలాలు చేసి, కొన్నిచోట్ల అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకచోట మామూలు ఉప్పు సరఫరా చేయించి, ఏళ్ల తరబడి పిల్లల మెడలు పరీక్షించారు. ఈరోజు దేశమంతా వాడుతున్న అయోడిన్ ఉప్పుకు ఆ ప్రయోగమే పునాది. అదే 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం నెలకొంది. బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థల తోడ్పాటుతో, ఇరుకిళ్లలో ఉండే పేద క్షయరోగులకు ఇంటి దగ్గరే మందులిచ్చినా శానిటోరియంలో ఇచ్చినంత గుణం కనిపిస్తుందని 1959లో నిరూపించి, ప్రపంచమంతటా క్షయ వైద్యాన్నే మార్చేసింది. చేతిలో చిల్లిగవ్వ లేని రోజుల్లో ఆ ప్రభుత్వాలకు ఉన్న సాహసం, చంద్రుడి మీదికి నౌక పంపిన ప్రభుత్వాలకు ఎందుకు కొరవడింది?

ఇప్పుడు చేయవలసిన ట్రయల్ అంత క్లిష్టమైనదేమీ కాదు. టీఎస్‌హెచ్ 2.5కూ 5కూ మధ్య ఉండి, సంతానం కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలు. ఒక జట్టుకు మాత్ర, ఒక జట్టుకు ఉత్త బిళ్ల. చివర లెక్కపెట్టవలసింది పుట్టిన బిడ్డల్ని. 1844 నుంచి నడుస్తున్న ఎగ్మోర్ ప్రసూతి ఆసుపత్రి, బెంగళూరు వాణీ విలాస్, తిరుపతి, నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రులు కలిస్తే రోగుల కొరత ఉండదు. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చట్టం ప్రకారం ప్రైవేటు కేంద్రాలు చికిత్స వివరాలను జాతీయ రిజిస్ట్రీకి ఎలాగూ పంపాలి; అందులో టీఎస్‌హెచ్‌కు ఒక గడి, యాంటీబాడీలకు ఒక గడి చేరిస్తే ట్రయల్ బయట ఉన్నవారి సంగతీ తెలుస్తుంది. వైద్య పరిశోధన మండలి దీనికి నిధులు ఇవ్వాలి, మాత్రల కంపెనీ దగ్గర పైసా తీసుకోకూడదు. ఇంకొక షరతు కూడా ముందే రాసుకోవాలి. చెన్నైలోనో బెంగళూరులోనో ఇందులో చేరే తెలుగు స్త్రీకి అంగీకార పత్రం తెలుగులోనే ఇవ్వాలి. "మీకు ఇచ్చేది మందు కావచ్చు, మందులేని బిళ్ల కావచ్చు, రెండిట్లో ఏది మేలో మాకూ ఇంకా తెలియదు" అన్న వాక్యం అందులో మొదటి పేజీలోనే ఉండాలి.